వరద గోడౌను, గాజు లైను, కొన్న బ్రాండు: కూల్‌డ్రింక్ కంపెనీ అసాధారణ నష్టాలు పుస్తకాల్లో రాసే పద్ధతి

క్లోజింగ్ వేళ యూనిట్ అకౌంట్స్‌కి హెడ్డాఫీసు నుంచి వచ్చే మొదటి ఫోను "ఈ నష్టాన్ని ఎక్సెప్షనల్‌లో చూపించొచ్చా" అనే, అంటే మామూలు ఖర్చుల్లో కాక అసాధారణ అంశాల విడి వరసలో పెట్టొచ్చా అని. నిజానికి అది ఆఖర్న అడగాల్సిన ప్రశ్న. ఏ ఆస్తికి దెబ్బ తగిలింది, ఏ తేదీన తగిలింది, ఎంత తగిలింది అనే మూడూ ముందు తేలాలి. పేరు ముందు పెట్టేసి అంకె కోసం తర్వాత వెతికితే, ఆ పేరుకి తగ్గ అంకే దొరుకుతుంది. ఆడిటర్‌తో గొడవ మొదలయ్యేది అక్కడే.

ఇక్కడ చెప్పేది ఇండ్ ఏఎస్ (పెద్ద కంపెనీల అకౌంటింగ్ ప్రమాణాలు) పాటించే కంపెనీలకి. అంటే లిస్టయినవి, లిస్టు కాకపోయినా 250 కోట్లు, ఆపైన నెట్‌వర్త్ ఉన్నవి, వాటి అనుబంధ కంపెనీలు. ఊళ్ళో గోళీసోడా యూనిట్‌కి ఇంత హంగామా అక్కర్లేదు. వాళ్ళు పాత అకౌంటింగ్ ప్రమాణాలైన ఏఎస్ 28, ఏఎస్ 5 చూసుకుంటే చాలు. లెక్కల కోసం రావులపాలెం చుట్టుపక్కల ఒక పెద్ద కంపెనీ బాట్లింగ్ ప్లాంటు ఉందనుకుందాం. ప్లాంటూ అంకెలూ ఊహించినవే, లెక్క తీరు మాత్రం అసలుదే.

ముందు విడదీయండి

"వన్ టైమ్ నష్టం" అని ఒకే మూటగా వచ్చిన అంకెని విప్పకుండా జర్నల్ వేయకండి. తడిసిన పంచదార, ప్రీఫాంలు (ఊది సీసాలు చేసే ప్లాస్టిక్ గొట్టాలు), నింపిన సీసాలు ఇండ్ ఏఎస్ 2 కిందికి వస్తాయి. మెషీన్లు, కూలర్లు, గుడ్‌విల్ (వ్యాపారం కొన్నప్పుడు ఆస్తుల విలువకి మించి కట్టిన సొమ్ము), బ్రాండు ఇండ్ ఏఎస్ 36 కిందికి వస్తాయి. అమ్మకానికి పెట్టిన ప్లాంటుది ఇండ్ ఏఎస్ 105. డిస్ట్రిబ్యూటరు దగ్గర చిక్కుకున్న బాకీ ఇండ్ ఏఎస్ 109. లైను మూసేస్తే అయ్యే ఖర్చులకి ఇండ్ ఏఎస్ 37, సిబ్బందికి ఇచ్చే సొమ్ముకి ఇండ్ ఏఎస్ 19. ఒక్కో స్టాండర్డుకి నష్టం గుర్తించే తేదీ వేరు. ప్రొవిజన్ (రాబోయే ఖర్చుకి ముందే రాసే మొత్తం) వచ్చే ఏడాది పడొచ్చు, స్టాకు నష్టం మాత్రం ఈ క్వార్టర్‌లోనే పడాలి. మూట విప్పకపోతే రెండూ ఒకే క్వార్టర్‌లో పడిపోతాయి.

తడిసిన గోడౌను

గోదావరి వరద చెప్పకుండా రాదు. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి చేరితే మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. అందుకే నష్టం తేదీ మీద ఇక్కడ వాదనకి చోటుండదు. బ్యారేజీ రీడింగు రోజువారీ ప్రకటన కాగితం ఒకటి ఫైల్లో పెట్టండి. అదే కాగితం చూపించి బీమా సర్వేయరు "ముందే తెలిసినా సరుకు ఎందుకు తరలించలేదు" అని అడుగుతాడు. కాబట్టి హెచ్చరిక వచ్చాక తరలించిన లోడ్ల డెలివరీ చలాన్లూ అదే ఫైల్లో ఉండాలి.

నీళ్ళు తీసిన రోజే చెయ్యాల్సినవి: గోడ మీద నీటి గుర్తు కొలతతో సహా ఫోటో, బ్యాచ్ నంబరు వారీగా లెక్కింపు పట్టిక, దాని మీద స్టోర్స్, క్వాలిటీ, అకౌంట్స్ ముగ్గురి సంతకాలు. సర్వేయరు చూడకముందు ఒక్క బస్తా కూడా పారేయకూడదు. పారేశాక ఎన్ని ప్రమాణ పత్రాలు రాసినా ఆ బస్తా లెక్కలోకి రాదు.

ఇప్పుడు లెక్క. 40 టన్నుల పంచదార టన్ను 40,000 చొప్పున 16 లక్షలు. ప్రీఫాంలు 10 లక్షలు. నింపిన సరుకు తయారీ ఖర్చులో 30 లక్షలు. మొత్తం 56 లక్షలు. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. కానీ కేంద్ర జీఎస్టీ (సీజీఎస్టీ) చట్టం 17(5)(హెచ్) ప్రకారం నాశనమైన, రాసేసిన సరుకు మీద తీసుకున్న ఇన్‌పుట్ క్రెడిట్ (కొన్నప్పుడు కట్టి, తర్వాత మన పన్నులో తగ్గించుకున్న జీఎస్టీ) వెనక్కి కట్టాలి, దీన్నే రివర్సల్ అంటారు. పంచదార మీద 5 శాతం అంటే 0.8 లక్ష, ప్రీఫాంల మీద 18 శాతం అంటే 1.8 లక్షలు. నింపిన సరుకులోకి వెళ్ళిన ఇన్‌పుట్ల క్రెడిట్ 2.9 లక్షలు అనుకుందాం. ఇది బిల్ ఆఫ్ మెటీరియల్స్ నుంచి తీయాలి, అమ్మకపు రేటు మీద కాదు. కూల్‌డ్రింక్ అమ్మకం మీద 2025 సెప్టెంబరు 22 నుంచి 40 శాతం పన్ను కాబట్టి, ఆ రేటు పట్టుకుని రివర్సల్ కడితే చాలా ఎక్కువ కట్టినట్టు. మొత్తం రివర్సల్ 5.5 లక్షలు, సరుకు నాశనం చేయించే ఖర్చు 0.5 లక్ష. అసలు నష్టం 62 లక్షలు.

వరద నష్టం ఖాతా డెబిట్ 62.0
స్టాకు ఖాతా క్రెడిట్ 56.0
ఇన్‌పుట్ క్రెడిట్ లెడ్జర్ క్రెడిట్ 5.5
చెల్లించాల్సిన ఖర్చులు క్రెడిట్ 0.5

తడిసిన ప్రీఫాంలని జీఎస్టీ బిల్లు వేసి ప్లాస్టిక్ తుక్కుగా అమ్మితే అది నాశనం చేయడం కాదు, సప్లై. రివర్సల్ సంగతి అప్పుడు మారుతుంది. పారేయాలా అమ్మాలా అన్నది స్టోర్స్ వాళ్ళు కాక టాక్స్ వాళ్ళు ముందు చెప్పాలి. స్టాకు విలువ కొంత తగ్గించి ఇంకా అమ్మేలా ఉంచితే, ఆ తగ్గింపు ఒక్కటే చూసి రివర్సల్ వేసేయకండి.

ప్లాంటు 12 రోజులు ఆగిందనుకోండి. ఆ రోజుల జీతాలు, అద్దె, డిప్రిసియేషన్‌ని నెల చివర మిగిలిన స్టాకు మీద పంచకూడదు. స్థిర ఓవర్‌హెడ్‌ని మామూలు సామర్థ్యం ప్రకారమే సరుకులోకి ఎక్కించాలి, మిగిలింది ఆ క్వార్టర్ ఖర్చు. కాస్టింగ్ షీటు దానంతటది ఈ తప్పు చేసేస్తుంది. ఉత్పత్తి పడిపోయిన నెలలో ఒక్కో కేసు (సీసాల పెట్టె) ఖర్చు ఒక్కసారిగా పెరిగి కనిపిస్తే కారణం ఇదేనని పసిగట్టాలి.

బీమా సొమ్ముని నష్టంలోంచి తీసేసి నికరం చూపించాలన్న ఆశ అందరికీ ఉంటుంది. క్లెయిము వేయడం ఆస్తి కాదు. సర్వేయరు రావడమూ ఆస్తి కాదు. బీమా కంపెనీ బాధ్యత ఒప్పుకుని, వచ్చేది దాదాపు ఖాయం అన్నప్పుడే రాబడి రాయాలి, అదీ విడిగా. జులైలో వరద, సెప్టెంబరు క్వార్టర్‌లో నష్టం, సొమ్ము ఫిబ్రవరిలో ఖాయమైతే మార్చి క్వార్టర్‌లో రాబడి. చూడ్డానికి బాగుండదు, అయినా అంతే. ఈలోగా పాలసీ తీసి సగటు నిబంధన చదవండి. గోడౌన్లో 80 లక్షల సరుకు ఉండగా 60 లక్షలకే బీమా కట్టి ఉంటే, 56 లక్షల నష్టానికి వచ్చేది 42 లక్షలే. బీమా మొత్తాన్ని జీఎస్టీ తీసేసి లెక్కగట్టి ఉంటే రివర్సల్ 5.5 లక్షలు కూడా రాకపోవచ్చు. యాజమాన్యానికి ఈ మాట క్లోజింగ్ మీటింగులో కాక ఆగస్టులోనే చేరాలి.

ప్లాంటుకి ఇంపెయిర్‌మెంట్ పరీక్ష

గుడ్‌విల్, కాలపరిమితి లేని బ్రాండు ఉంటే ఏటా ఇంపెయిర్‌మెంట్ (ఆస్తి నుంచి రాబట్టుకోగల విలువ పుస్తక విలువ కంటే పడిపోవడం) పరీక్ష తప్పదు. మిగతా ఆస్తులకి లక్షణం కనిపిస్తేనే. మన ప్లాంటులో కనిపించే లక్షణాలు: గాజు సీసాల అమ్మకం ఏటేటా పడిపోవడం, ఒక షిఫ్టు ఎత్తేయడం, వడ్డీ రేట్లు పెరగడం, బడ్జెట్‌కీ అసలు వచ్చిన నగదుకీ వరసగా రెండేళ్ళు పెద్ద తేడా. వరద ఒక్కటే లక్షణం కావాలని లేదు. మోటార్లు ఆరబెట్టి తిప్పుకుంటే అది మరమ్మతు ఖర్చే.

మొదటి చిక్కు యూనిట్ ఏది అన్నది. క్యాష్ జనరేటింగ్ యూనిట్ అంటే మిగతా వాటితో దాదాపు సంబంధం లేకుండా సొంతంగా నగదు తెచ్చే అతి చిన్న గుంపు. ఒక్క లైను యూనిట్ కాదు, అది తెచ్చే నగదుని విడిగా చూపలేరు. ఒక్క ప్లాంటు యూనిట్ అవుతుందా? అమలాపురం, పాలకొల్లు, భీమవరం డిపోలకి ఎప్పుడూ ఈ ప్లాంటు నుంచే సరుకు వెళ్తే అవుతుంది. ఏ ప్లాంటు ఏ డిపోకి పంపాలన్నది హెడ్డాఫీసు ప్లానింగ్ వాళ్ళు వారం వారం మార్చేస్తుంటే, ఆ ప్లాంట్లన్నీ కలిసి ఒకే యూనిట్. ఏడాది స్టాక్ ట్రాన్స్‌ఫర్ రిపోర్టు ఒకటి తీస్తే చాలావరకు తేలిపోతుంది. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి: నష్టం దాచడానికి ఈ ఏడు యూనిట్‌ని పెద్దది చేస్తే, ఎందుకు మార్చారో నోట్‌లో రాయాలి.

మన ప్లాంటు విడి యూనిట్ అని తేలిందనుకుందాం. భూమి, షెడ్డు లెక్క తేలిగ్గా ఉండాలని వదిలేస్తున్నాం. పుస్తక విలువలు కోట్లలో: గుడ్‌విల్ 6, బ్లో మోల్డింగ్ మెషీను 18, పెట్ (ప్లాస్టిక్ సీసాల) ఫిల్లింగ్ లైను 24, గాజు లైను 12. మొత్తం 60. మెషీన్లకి ఇంకా 8 ఏళ్ళ ఆయుష్షు.

వాడకపు విలువ (ఆస్తిని వాడితే ముందు ముందు వచ్చే నగదుకి ఈనాటి విలువ) కట్టేటప్పుడు నగదు అంచనా మొదటి 5 ఏళ్ళకి బోర్డు ఒప్పుకున్న బడ్జెట్ నుంచి రావాలి, ఆపైన స్థిరంగానో తగ్గుతూనో సాగాలి. అప్పుల వడ్డీ, ఆదాయపు పన్ను అందులో ఉండకూడదు. డిస్కౌంట్ రేటు (రేపటి నగదుని ఈనాటి విలువకి తగ్గించే శాతం) పన్నుకి ముందుది. చాలా లెక్కలు చెడేది ఇక్కడే: ట్రెజరీ ఇచ్చిన పన్ను పోను రేటుని పన్నుకి ముందు నగదు మీద వేస్తే విలువ ఉబ్బిపోతుంది. ఇంకో తప్పు, ఇంకా బోర్డు కట్టుబడని "గాజు లైను మూసేస్తే మిగిలే ఖర్చు"ని కలిపేయడం. కట్టుబడని పునర్వ్యవస్థీకరణ లాభం, సామర్థ్యం పెంచే పెట్టుబడి లాభం రెండూ బయటే ఉండాలి.

వరసగా 8 ఏళ్ళ నగదు 9, 9.5, 10, 10, 10, 9.5, 9, 8.5 కోట్లు. 14 శాతం రేటుతో ఈనాటి విలువ 43.97, అంటే 44 కోట్లు. మొత్తం ప్లాంటుని అమ్మితే ఖర్చులు పోను 39 వస్తుందని వాల్యుయర్ అన్నాడు. రెండిట్లో ఎక్కువది తీసుకోవాలి కాబట్టి రాబట్టుకోగల విలువ 44. నష్టం 16 కోట్లు. రేటు 15 శాతం చేస్తే విలువ 42.5కి దిగుతుంది. ఒక్క శాతానికి దాదాపు కోటిన్నర నష్టం పెరిగిందన్నమాట. అందుకే ఆడిటర్లు అమ్మకాల వృద్ధి కంటే రేటునే ఎక్కువ పట్టుకుంటారు.

పంపకంలో మొదట గుడ్‌విల్ 6 పోతుంది. మిగిలిన 10 కోట్లని 18, 24, 12 నిష్పత్తిలో పంచితే బ్లో మోల్డింగ్‌కి 3.33, పెట్ లైనుకి 4.44, గాజు లైనుకి 2.22 వస్తాయి. కానీ బ్లో మోల్డింగ్ మెషీనుకి ఇంకో బాట్లర్ రాతపూర్వకంగా ఇచ్చిన కొటేషను ఖర్చులు పోను 17 కోట్లు. ఏ ఆస్తినీ దాని సొంత అమ్మకపు విలువ కంటే కిందికి దించకూడదు. కాబట్టి దానికి 1 కోటే పడుతుంది. మిగిలిన 9 కోట్లు 24:12లో విడదీస్తే 6, 3.

ఇంపెయిర్‌మెంట్ నష్టం డెబిట్ 16
గుడ్‌విల్ క్రెడిట్ 6
బ్లో మోల్డింగ్ మెషీను, కూడిన ఇంపెయిర్‌మెంట్ క్రెడిట్ 1
పెట్ లైను, కూడిన ఇంపెయిర్‌మెంట్ క్రెడిట్ 6
గాజు లైను, కూడిన ఇంపెయిర్‌మెంట్ క్రెడిట్ 3

ఆస్తి ఖాతాకి నేరుగా క్రెడిట్ వేయకుండా "కూడిన ఇంపెయిర్‌మెంట్" అని విడి ఖాతా ఉంచడానికి కారణముంది. తర్వాత ఈ నష్టాన్ని వెనక్కి రాయాల్సి (రివర్సల్) వస్తే పరిమితి లెక్క కావాలి. పెట్ లైను ఇప్పుడు 18 కోట్లు, 8 ఏళ్ళకి ఏటా డిప్రిసియేషన్ 3కి బదులు 2.25. రెండేళ్ళు పోయాక పుస్తకంలో 13.5 ఉంటుంది. అసలు నష్టమే రాయకపోయుంటే 18 ఉండేది. అప్పుడు పరిస్థితి బాగుపడినా వెనక్కి రాయగలిగింది 4.5 వరకే, 6 కాదు. గుడ్‌విల్ 6 ఎప్పటికీ రాదు. క్వార్టర్‌లో రాసిన గుడ్‌విల్ నష్టాన్ని ఏడాది చివర్లో పరిస్థితి మారిందని తీసేయడమూ కుదరదు.

మాతృ సంస్థ అమెరికాదైతే ఇంకో మలుపుంది. అక్కడి పద్ధతిలో యంత్రాల లాంటి ఆస్తులకి ముందు డిస్కౌంట్ చేయని నగదు మొత్తాన్ని పుస్తక విలువతో పోలుస్తారు. మన 8 ఏళ్ళ మొత్తం 75.5 కోట్లు, పుస్తకంలో 60. అంటే యంత్రాలకి అక్కడ నష్టమే లేదు. గుడ్‌విల్‌ని వేరే స్థాయిలో విడిగా చూస్తారు. అదే ప్లాంటు, అదే నగదు, ఇక్కడ 16 కోట్ల నష్టం, అక్కడ సున్నా కావచ్చు. గ్రూప్ రిపోర్టింగ్ ప్యాకేజీలో ఈ తేడాకి సర్దుబాటు ఎంట్రీ వేయకపోతే, తర్వాత ఎనిమిదేళ్ళు ప్రతి నెలా డిప్రిసియేషన్ తేడా వస్తుంటుంది. అది ఎందుకు వస్తోందో మూడో ఏటికి గుర్తున్నవాళ్ళు ఉండరు.

గాజు లైను మూసేయడం

మార్చి 31న ఈ నష్టం రాశాక, గాజు లైను మూసేయాలని మరుసటి జనవరి 1న బోర్డు నిర్ణయించింది. వేసవి అమ్మకాల కోసం జూన్ ఆఖరు దాకా నడుపుతారు. 9 కోట్ల నుంచి 9 నెలల డిప్రిసియేషన్ 0.84 పోను పుస్తకంలో 8.16 ఉంది. తుక్కుగా 0.66 వస్తుంది. మిగిలిన 7.50 కోట్లని ఆరు నెలల మీద, నెలకి 1.25 చొప్పున డిప్రిసియేషన్ వేయాలి. ఆయుష్షు తగ్గింపు అంచనా మార్పు. అది ముందుకే వర్తిస్తుంది, ఇంపెయిర్‌మెంట్ కాదు. జనవరి 1నే లైను ఆపేసి ఉంటే, ఇక దాని వాడకపు విలువ అమ్మకపు విలువే కాబట్టి దాన్ని యూనిట్ నుంచి విడదీసి వెంటనే 0.66కి దించాలి. ఒకే నిర్ణయం, ఆపే తేదీని బట్టి ఖర్చు రెండు రకాలుగా పడుతుంది.

అయితే మన ప్లాంటు పుస్తక విలువని మార్చిలోనే రాబట్టుకోగల విలువకి సరిసమానంగా దింపాం. మిగులు లేదు. మూసివేత కూడా ఒక లక్షణమే కాబట్టి, గాజు లైను నగదు తీసేసి మొత్తం యూనిట్ లెక్క మళ్ళీ వేయాలి. ఆయుష్షు తగ్గించాం కదా అని ఊరుకోకూడదు. తుక్కుకి పోయే లైనుని "అమ్మకానికి ఉంచిన ఆస్తి"గా ఇండ్ ఏఎస్ 105 కిందికి తెచ్చి డిప్రిసియేషన్ ఆపడం కూడా తప్పే. వాడి వదిలేసేది అమ్మకానికి ఉంచిన ఆస్తి కాదు.

సీసాల దగ్గర చిక్కు ఎక్కువ. ప్లాంటులో 1 లక్ష, మార్కెట్‌లో 5 లక్షల సీసాలు, సీసాకి పుస్తక విలువ 6 రూపాయలు, మొత్తం 36 లక్షలు. దుకాణాల నుంచి 2 లక్షలే తిరిగొస్తాయని పాత అనుభవం చెబుతుంది. తుక్కు సీసాకి 50 పైసలు. చేతికొచ్చే 3 లక్షల సీసాలకి 1.5 లక్షలు, నష్టం 34.5 లక్షలు. మరోవైపు సీసాకి 10 చొప్పున డిపాజిట్ బాకీ 50 లక్షలు. 2 లక్షల సీసాలకి 20 లక్షలు తిరిగిస్తారు, 30 లక్షలు మిగులుతాయి. ఆ 30ని 34.5లోంచి తీసేసి నష్టం 4.5 లక్షలే అని చూపించే షీటు తయారవడానికి గంట పట్టదు. కానీ బాకీ తీరినప్పుడో, రద్దయినప్పుడో, గడువు ముగిసినప్పుడో మాత్రమే పుస్తకంలోంచి పోతుంది. డిస్ట్రిబ్యూటరు ఒప్పందంలో చివరి తేదీ నిబంధన ఉంటే నోటీసు పంపి, ఆ తేదీ దాటాక విడిగా రాబడి రాయండి. నిబంధనే లేకపోతే అది బాకీగా కూర్చుంటుంది.

సిబ్బంది విషయంలో తేదీయే సర్వస్వం. బోర్డు మార్చి 28న తీర్మానం చేసి, యూనియన్‌కి ఏప్రిల్ 3న చెబితే ఆ ఏడాది పుస్తకాల్లో పునర్వ్యవస్థీకరణ ప్రొవిజన్ లేదు. నోట్‌లో వెల్లడి మాత్రమే. వివరమైన ప్రణాళిక ఉండి, నష్టపోయేవాళ్ళకి ఆ సంగతి మార్చి 31 లోపు తెలియాలి. ప్రొవిజన్‌లోకి రాని ఖర్చులు ఎప్పుడూ ఇవే: వేరే ప్లాంటుకి మార్చేవాళ్ళ తరలింపు, వాళ్ళ శిక్షణ, కొత్త పెట్ ప్యాక్ ప్రచారం, కొత్త సాఫ్ట్‌వేర్. రాయడానికి మనసొప్పకపోయినా ఇవి జరిగినప్పుడే ఖర్చు. గాజు సరఫరాదారుతో కనీస కొనుగోలు ఒప్పందం ఉంటే అది భారమైన ఒప్పందం అవుతుంది. దానికి ప్రొవిజన్ పెట్టేముందు, ఆ ఒప్పందానికే కేటాయించిన ఆస్తుల ఇంపెయిర్‌మెంట్ ముందు రాయాలి.

దుకాణాల్లో ఉన్న కూలర్ల గురించి రెండు మాటలు. కనబడని కూలర్ ఇంపెయిర్‌మెంట్ కాదు, ఆస్తి పోయినట్టు రాయాలి. కనబడి కంప్రెసర్ చెడిపోయింది బాగుచేసుకునేదే అయితే ఖర్చు, కాకపోతే ఆయుష్షు ముగిసింది. సీరియల్ నంబరు స్కాన్ లేని లెక్కింపుని లెక్కలోకి తీసుకోకండి. ఒకే కూలర్‌ని రెండు దుకాణాల పేర్న ఫోటో తీసి పంపడం సేల్స్ వాళ్ళకి పెద్ద పని కాదు.

కొన్న బ్రాండు

రాజమండ్రి పక్కనున్న హార్లిక్స్ ఫ్యాక్టరీ 2020 ఏప్రిల్‌లో జరిగిన విలీనంతో హిందుస్థాన్ యూనిలీవర్‌లోకి వచ్చింది. ఇలాంటి కొనుగోళ్ళలో యంత్రాల కంటే బ్రాండు విలువ ఎన్నో రెట్లు పెద్దది, అది తరగని ఆస్తిగా కూర్చుని ఏటా పరీక్షకి వస్తుంది. అంచనాలు తప్పితే ఏమవుతుందో కోకా-కోలా చూపించింది. 2021లో బాడీఆర్మర్‌లో మిగిలిన 85 శాతం వాటాని 560 కోట్ల డాలర్లకి కొని, 2024 మొదటి క్వార్టర్‌లో ఆ ట్రేడ్‌మార్క్ మీద 76 కోట్ల డాలర్ల ఇంపెయిర్‌మెంట్ రాసింది. కొబ్బరినీళ్ళ బ్రాండు జికోని 2013లో పూర్తిగా తీసుకుని 2020లో ఆపేసింది. అంబాజీపేట మార్కెట్ పక్కనున్నవాళ్ళకి కొబ్బరినీళ్ళు అమ్మడం తేలిక అనిపించవచ్చు, బ్రాండు అమ్మడం వేరే పని.

బ్రాండు పరీక్షలో ఎక్కువగా వాడేది రాయల్టీ మిగులు పద్ధతి: ఈ బ్రాండు మనది కాకపోతే అమ్మకం మీద ఎంత శాతం కట్టాల్సి వచ్చేది అన్నది. అందులో మోసగించేది వృద్ధి రేటు. కొన్న రోజు మోడల్ కాపీ చేసి మొదటి సంవత్సరాన్ని ఒక ఏడు ముందుకి జరుపుతూ పోతారు. దాంతో గొప్ప వృద్ధి ఎప్పుడూ "వచ్చే ఏడాది నుంచి" మొదలవుతుంది. పాత మూడు మోడల్స్ పక్కపక్కన పెట్టి, అంచనా అమ్మకం ఎదురుగా అసలు అమ్మకం రాయండి. ఆ ఒక్క పేజీ చాలు.

పన్ను

ఆదాయపు పన్నులో ఇంపెయిర్‌మెంట్‌కి తగ్గింపు లేదు. ఆస్తుల బ్లాకు అలాగే నడుస్తుంది, మ్యాట్ (కనీస ప్రత్యామ్నాయ పన్ను) వర్తించే కంపెనీలు ఆ లెక్కలోనూ ఈ ప్రొవిజన్ తిరిగి కలపాలి. కాబట్టి యంత్రాల మీది 10 కోట్లకి 25.168 శాతం చొప్పున డెఫర్డ్ టాక్స్ ఆస్తి (ముందు ముందు తగ్గే పన్ను) 2.52 కోట్లు, ముందు ముందు పన్ను కట్టేంత లాభం వస్తుందన్న నమ్మకం ఉంటేనే. గుడ్‌విల్ 6కి డెఫర్డ్ టాక్స్ లేదు. 16 మీద వేసి 4.03 చూపించడం తరచూ కనిపించే తప్పు.

ఇప్పుడు పేరు

ఇండ్ ఏఎస్‌లో "ఎక్స్‌ట్రాఆర్డినరీ" అన్న మాటకి చోటే లేదు, నోట్‌లో కూడా రాయకూడదు. "ఎక్సెప్షనల్" అన్న వరస కంపెనీల చట్టం షెడ్యూల్ 3 ఇచ్చింది గానీ దానికి నిర్వచనం లేదు. ఇండ్ ఏఎస్ 1 కోరేది, స్వభావం వల్లో పరిమాణం వల్లో ముఖ్యమైన అంశాన్ని విడిగా చూపించమని మాత్రమే. నోట్‌లో చూపించినా సరిపోతుంది.

మన మూడింటికీ ఇలా. ప్లాంటు ఇంపెయిర్‌మెంట్ 16 కోట్లు ఎక్సెప్షనల్‌లో పెట్టొచ్చు. గాజు లైను వేగవంతపు డిప్రిసియేషన్ డిప్రిసియేషన్ వరసలోనే ఉండాలి, కావాలంటే నోట్‌లో విడదీసి చెప్పండి. వరద నష్టం 62 లక్షలు పెద్ద కంపెనీకి పరిమాణంలో ఏమీ కాదు. స్వభావం చూస్తే, గోడౌను ఏటిగట్టుకి లోపలివైపు ఉండి గట్టు తెగి నీళ్ళొచ్చాయా, లంకల వైపు ఉండి రెండో హెచ్చరిక వచ్చిన ప్రతిసారీ మునుగుతోందా అన్నది అసలు సంగతి. 1986 ఆగస్టు లాంటి వరద వేరు, మూడేళ్ళకోసారి తడిసే అద్దె గోడౌను వేరు. రెండోది వ్యాపారపు మామూలు ఖర్చు. గడువు దాటి వెనక్కొచ్చిన సరుకు, సీసాల పగుళ్ళు, కనబడని కూలర్లు ఎన్ని లక్షలైనా మామూలువే.

నష్టం ఏ వరసలో చూపించారో, దానికి సంబంధించిన రాబడి, బీమా సొమ్ము, రివర్సల్ అన్నీ అదే వరసలోకి రావాలి. నష్టం ఎక్సెప్షనల్‌లో, బీమా సొమ్ము "ఇతర ఆదాయం"లో కనిపిస్తే ఆడిటర్ మొదట తిప్పేది ఆ పేజీయే. దీన్ని తప్పించడానికి, నష్టం రాసిన రోజే జర్నల్ వోచరు కింద రాబడి ఏ ఖాతాకి పోవాలో ఒక లైను రాసిపెట్టండి. ఫిబ్రవరిలో చెక్కు వచ్చేసరికి వోచరు వేసేవాళ్ళు మారిపోయి ఉంటారు.

నోట్‌లో ఉండాల్సినవి: ఏ సంఘటన వల్ల, ఏ యూనిట్, ఏ ఆస్తికి ఎంత, రాబట్టుకోగల విలువ వాడకపుదా అమ్మకపుదా, రేటెంత, కిందటిసారి ఎంత. నష్టం లేకపోయినా గుడ్‌విల్ లేదా తరగని బ్రాండు పెద్దదైతే ముఖ్యమైన అంచనాలు చెప్పాలి. అంచనాలో సహేతుకమైన చిన్న మార్పుకే నష్టం వచ్చేలా ఉంటే, మిగులు ఎంత, రేటు ఎంత పెరిగితే అది సున్నా అవుతుంది అన్నదీ రాయాలి.